తోడేలు ముఖానికి అచ్చు

కళ్ళు మూసుకోమంది ముసుగులు చేసే ఎనిడ్, నోరు కూడా, ఇక ముప్పావుగంట దాకా రెండింటితోనూ నీకు పని లేదు, ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ కూర్చో, ఆ ముక్కు సంగతి నేను చూసుకుంటాను అంది, అంటూనే చల్లటి ముద్దను నుదుటి మీంచి కిందికి జారవిడిచింది. పళ్ళ డాక్టర్లు దవడ కొలత తీసుకునే ముద్దే ఇది, పుదీనా వాసన వేస్తోంది. కనురెప్పల మీదికి వచ్చి కాస్త ఆగి, బరువెక్కి, చెంపల మీదుగా గడ్డం కిందికి పాకింది. కనుబొమలకు ముందే వాజలీను పూసింది, లేకపోతే అచ్చుతో పాటు అవీ ఊడొస్తాయట. ముక్కులో గొట్టాలు పెట్టరా అని మొదట్లోనే అడిగితే, గొట్టాలు పెడితే ముక్కు సాగిపోతుంది, సాగిన ముక్కు మీద తోడేలును కడితే అది ఎవరి తోడేలూ కాదు అంది. అందుకని ఆమె చూపుడువేలు నా ముక్కుపుటాల చుట్టూ తిరుగుతూనే ఉంది, ముద్ద లోపలికి పోకుండా గీరుతూ. ఊపిరాడకపోతే కుడిచెయ్యి ఎత్తాలి, అదొక్కటే గుర్తు. "ఎత్తావంటే మాత్రం పీకిపారేస్తాం నాయనా. మళ్ళీ ఇంత ముద్ద నా దగ్గర లేదు. కాబట్టి సరదాకి ఎత్తకు" అంది. సరదాకి ఎత్తే చెయ్యి కాదు నాది. నలభై ఎనిమిదేళ్ళకు దొరికిన సినిమా ఇది. ఇన్నాళ్ళూ రేడియో నాటకాల్లో బతికినవాణ్ణి, ఇద్వల్ ప్రాసర్ అంటే జనానికి ఒక గొంతే తప్ప ముఖం లేదు, ఇప్పుడా ముఖాన్ని మొదటిసారి ఎవరో ఇంత శ్రద్ధగా తడుముతున్నారు, అదీ తోడేలు కోసం.

ముద్ద గట్టిపడ్డాక దాని మీద విల్ఫ్ తడి ప్లాస్టర్ పట్టీలు పరచడం మొదలుపెట్టాడు, ఒక్కో పట్టీ పడినప్పుడల్లా తల కాస్త కిందికి కుంగుతోంది. ఈ స్టూడియోలో ప్లాస్టర్ పనంతా విల్ఫ్‌దే, ఉత్తరాదిన లాంకషైర్ మనిషి, ముప్పై ఏళ్ళుగా రాజుల సింహాసనాలూ సమాధి రాళ్ళూ తెగిన తలలూ పోస్తున్నాడు, పోసినవాటిలో ఏ సినిమా ఎలా ఉందో ఒక్కసారి కూడా చెప్పలేదంటారు. చెప్పేదల్లా తన పెరట్లో ఉల్లికాడల గురించే. ఈ ఏడు మంచు త్వరగా పడిందనీ, కాడలు బొటనవేలంత లావు కూడా రాలేదనీ చెబుతూ చెబుతూ మాట ఆపాడు. "పోయింది మళ్ళీ" అన్నాడు. కరెంటు. కళ్ళు మూసి ఉన్నవాడికి తేడా ఏముంది, కాళ్ళ దగ్గర వెచ్చగా ఉన్న హీటరు చల్లబడ్డప్పుడు తెలిసింది. బొగ్గు గనుల్లో మావాళ్ళు అదనపు గంటలు పనిచేసేది లేదని భీష్మించుకున్నప్పటి నుంచీ దేశమంతా ఇదే తంతు, డిసెంబరు చలిలో పదకొండు గంటల వేళ థేమ్స్ పక్కన ఈ పాత బంగళాలో కిటికీ వెలుతురే దిక్కు. హీటరు లేకపోతే ప్లాస్టర్ ఇంకో అరగంటకు గానీ బిగుసుకోదంది ఎనిడ్. "మీ వేల్స్ వాళ్ళ పుణ్యమేనయ్యా ఇది, అనుభవించు" అన్నాడు విల్ఫ్ నా చెవి దగ్గరికి వంగి. నవ్వొచ్చింది, నవ్వకూడదు, కడుపులోనే నవ్వుకున్నాను, ఆ నవ్వు పోవడానికి దారి లేక పక్కటెముకల దగ్గర కాసేపు తిరిగి అక్కడే ఆరిపోయింది.

ఇక ఆలోచించుకోవడమే పని. తోడేలుగా మారే మనిషి కథలో అసలు జనాన్ని కుర్చీకి కట్టేసేది ఏమిటి? నాటకాలు లేని మధ్యాహ్నాల్లో ఈ రకం సినిమాలు చాలానే చూశాను, చలికి తలదాచుకోవడానికి వెళ్ళినవాడికి బొమ్మ ఏదైతేనేం. కోరలు కనబడినప్పుడు ముందు వరసల్లో నవ్వేవాళ్ళు. వెన్నెల వచ్చి చేతులమీద వెంట్రుకలు మొలుస్తుంటే ఎవరో ఒకడు మంగలిని పిలవండిరా అని అరిచేవాడు. కానీ అంతకుముందు, ఇంకా ఏమీ కాకముందు, ఆ మనిషి సాయంత్రం నాలుగింటికే కిటికీలోంచి ఆకాశం వంక చూసి, భార్యతో ఈ రాత్రికి మీ అక్క ఇంట్లో పడుకో అని ఏదో సాకు చెబుతాడే, అప్పుడు హాల్లో దగ్గు కూడా వినపడదు. ఈ సినిమాలో నేను పోస్ట్‌మాన్‌ని. ఉత్తరాలు పంచడానికి కొండ మీది పొలాలకు వెళితే అక్కడ ఏదో కరుస్తుంది. భార్య లేదు, ఒక్కతే కూతురు. మూడో నెల వచ్చేసరికి నా అంతట నేనే గొళ్ళెం కొనుక్కొస్తాను, కూతురి చేత గది బయట బిగింపజేస్తాను. స్క్రిప్టులో ఆ గొళ్ళెం కొనే చోటు రెండే లైన్లు, ఆ తర్వాత మారడం మాత్రం పదకొండు పేజీలు. చదివినప్పుడే అనుకున్నాను, లెక్క తిరగబడాలి అని. జంతువుకు తను జంతువునని బాధ ఉండదు, చంపుతుంది, పడుకుంటుంది. తెల్లారి లేచి గోళ్ళ కింద ఉన్నది మట్టో నెత్తురో చూసుకునేవాడికే ఉంటుంది బాధంతా. చూసుకునేవాణ్ణి చూస్తే భయం వేస్తుంది. కానీ నా మాట ఎవరడిగారు.

తలుపు చప్పుడైంది, బూట్లు, కొత్త తోలు కిర్రుమనే శబ్దం, డైరెక్టర్ ట్రాంటర్ అన్నమాట, ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఇదే మొదటి పెద్ద సినిమా, ఎప్పుడూ నిలబడే ఉంటాడు, కూర్చుంటే ఎవరైనా తన కుర్చీ పట్టుకుపోతారేమో అన్నట్టు. ఈయనకి వినపడుతుందా అని అడిగాడు. చెవుల నిండా ముద్దే అంది ఎనిడ్, వినపడుతుందనీ అనలేదు, పడదనీ అనలేదు. అతను గొంతు తగ్గించాడు, కానీ రేడియోలో పాతికేళ్ళు పనిచేసినవాడికి తగ్గించిన గొంతే ఎక్కువ వినపడుతుంది. నిన్నటి దాకా తీసింది చూశాడట. గొంతు అద్భుతం, ముఖంలో ఏమీ లేదు, గోడను ఫోటో తీసినట్టుంది అన్నాడు. ముసుగు తయారయ్యాక దాన్ని స్టంటు మనిషికి తగిలించి మిగతా సీన్లన్నీ లాగించేస్తాననీ, నన్ను మూడు రోజుల్లో పంపించేయొచ్చనీ, ఈ మాట బయటికి పొక్కకూడదనీ అన్నాడు. ఎనిడ్ వేలు నా ముక్కు దగ్గర ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "చూడు బాబూ, ముసుగు చేసేదాన్ని నేనే చెబుతున్నాను. మొదటిసారి చూసినప్పుడు జనం ఉలిక్కిపడతారు. రెండోసారి కోరలు చూస్తారు. మూడోసారి జిగురు ఎక్కడ అంటించారా అని వెతుకుతారు. దాని కింద ఎవరున్నారో వాళ్ళకు ముందే తెలిస్తేనే అది పనిచేస్తుంది." ఎవరున్నారో తెలియాలంటే ముందు ఆ ముఖం ఏదైనా చెప్పాలి కదా అన్నాడు ట్రాంటర్. ఎనిడ్ వేలు కుడి ముక్కుపుటం వైపు జరిగింది.

గోడ. నిజమే అన్నాడు, అందుకే గుచ్చుకుంది. ప్లాస్టర్ వేడెక్కుతోంది, బిగుసుకునేటప్పుడు వేడెక్కుతుందని ముందే చెప్పారు, అయినా చెంపలు ఉడుకుతున్నట్టుంది, ఒక చుక్క ఏదో జారి ఎడమ ముక్కుపుటంలోకి పోయి కూర్చుంది, ఎనిడ్ వేలు అప్పుడే కుడివైపు ఉంది. సగం ఊపిరి. సగం చాలు. చాలదు. కుడిచెయ్యి కుర్చీ చేతి మీంచి లేవబోయింది. ఎత్తితే రెండు నిమిషాల్లో వెలుతురు, గాలి, ఎదురుగా ట్రాంటర్ ముఖం, సినిమా పోతుంది, పోతే పోనీ. ఎత్తలేదు. గోడ ఎప్పుడు కట్టానో గుర్తొచ్చి ఆగాను. పదకొండేళ్ళప్పుడు, వేల్స్‌లో రోండా లోయలో మా వంటింటి బల్ల దగ్గర, పొద్దున ఏడింటికి, రొట్టె మీద వెన్న రాసుకుంటూ. నాన్న ఎదురుగా కూర్చుని మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే చూసేవాడు, ముందు అమ్మ చేతులు, తర్వాత అక్క మెడ, తర్వాత నన్ను. నా దగ్గర ఎక్కువసేపు ఆగేవాడు, చిన్నవాణ్ణి కాబట్టి నా ముఖంలో దొరుకుతుందని. రాత్రి తనేం చేశాడో ఆయనకి గుర్తుండేది కాదు. అమ్మ చెప్పనివ్వదు. అందుకని నా ముఖంలో ఏమీ లేకుండా చేసుకోవడం నేర్చుకున్నాను, అంత బాగా నేర్చుకున్నాను, మళ్ళీ దాన్ని కూలగొట్టడం నేర్పేవాళ్ళు దొరకలేదు.

ఆయన చెడ్డవాడు కాదు, ఇది ఎలా చెబితే ఎవరు నమ్ముతారు. చుక్క ముట్టనివాడు, చర్చిలో పాట ఎత్తేవాడు, ఊళ్ళో సగం మంది పిల్లలకు స్వరాలు నేర్పింది ఆయనే. గనిలో పైకప్పు రాయి ఒకటి ఊడి తల మీద పడింది, ఆరు వారాలు ఆసుపత్రి, లేచి ఇంటికి వచ్చాడు, అంతా బాగానే ఉంది అనుకున్నాం. ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ఒకసారి పాలు మాడుతున్న వాసన వస్తోందనేవాడు, పొయ్యి మీద ఏమీ లేకుండానే. కుడి కనురెప్ప కొట్టుకునేది. గంటలోపు ఆయన వెళ్ళిపోయి ఇంకెవరో వచ్చేవాళ్ళు, మా అక్క చెయ్యి విరిచింది ఆ ఇంకెవరో. అల్మారా మీద పడిందని డాక్టరుతో చెప్పాం. నాన్న మా మాట నమ్మలేదు. అల్మారా దగ్గరికి వెళ్ళి దాన్ని పట్టుకుని ఊపి చూశాడు, అది గోడకు మేకులతో బిగించి ఉంది. ఆ సాయంత్రమే బొగ్గు గది తలుపుకు బయట గొళ్ళెం కొట్టాడు.

జూన్ నెల ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు, అమ్మా అక్కా చర్చిలో వార్షికోత్సవానికి వెళ్ళారు, నాకు జలుబు చేసి ఇంట్లో ఉంచారు, నాన్నకి కాపలా అని ఎవరూ అనలేదు. ఎండ. ఇంటి వెనక తీగ మీద దుప్పట్లు. పాలు మాడుతున్నాయా అని అడిగాడు నన్ను. లేదు నాన్నా అన్నాను. సరే పద అని చెయ్యి పట్టుకుని బొగ్గు గది దాకా తీసుకెళ్ళాడు, ఏదో బజారుకు తీసుకెళుతున్నట్టు. గుమ్మంలో వంగి నా చొక్కా గుండీ సరిచేశాడు. "కన్నా, మీ అమ్మ వచ్చేదాకా తియ్యొద్దు. నేను అడుగుతాను. అడిగేది నా గొంతుతోనే అడుగుతాను. అయినా సరే తియ్యొద్దు" అన్నాడు. గొళ్ళెం వేశాను. తర్వాత పార గోడకేసి కొట్టిన చప్పుడు, నేను ఎప్పుడూ వినని మాటలు, అసలు భాషే కాని మాటలు, తలుపు చెక్కలు ఉబ్బడం. నేను దుప్పటి వెనక నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. ఆగిపోయింది. అప్పుడు ఇద్వల్ అని పిలిచాడు, పొద్దున బూట్లు తెమ్మని పిలిచినట్టే పిలిచాడు. పోయింది రా, ఇప్పుడు నేనే, దాహంగా ఉంది అన్నాడు. లోపలికి పరిగెత్తి రేకు గ్లాసులో నీళ్ళు తెచ్చాను. తెచ్చి తలుపు ముందు నిలబడ్డాను. గొంతు ఆయనదే. ఆయన గొంతుతోనే అడుగుతానన్నాడు కదా. ఇంకోసారి అడిగాడు. నేను ఊపిరి బిగపట్టాను. మూడోసారి అడగలేదు. కాసేపటికి లోపల నెమ్మదిగా స్వరాలు పలకడం మొదలుపెట్టాడు, మేం ఇంట్లో సాధన చేసే కీర్తన, తన వంతు పాడి, నా వంతు వచ్చే చోట ఆగి, నాలుగు అక్షరాల ఖాళీ వదిలి, మళ్ళీ తన వంతు అందుకుని. నేను పాడలేదు. అయిదింటికి అమ్మ వచ్చి తీసింది. ఆయన మూడింటి నుంచీ మామూలుగానే ఉన్నాడు, రెండు గంటలు బొగ్గు మీద కూర్చున్నాడు. బయటికి వచ్చి నా తల మీద చెయ్యి వేసి, మంచి పని చేశావు కన్నా, మాట నిలబెట్టుకున్నావు అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత పోయాడు. ఆ కీర్తన మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఈ ముప్పై ఏడేళ్ళూ ఆ ఖాళీని నేను తలుపు తియ్యమని అడగడం కిందే లెక్కవేసుకున్నాను. పాటతో నన్ను పరీక్షించాడనీ, నేను పాడి ఉంటే నిజంగా తనే అని తేలిపోయేదనీ, చేతకాక నిలబడిపోయాననీ. ఇప్పుడు సగం ఊపిరితో ఈ చీకట్లో నాకు ఏం కావాలి? అచ్చు తీసెయ్యమని ఉందా? ఉంది. కానీ అంతకన్నా ఎక్కువగా ఎనిడ్ ఈ గదిలోంచి వెళ్ళకూడదు, విల్ఫ్ ఆ ఉల్లికాడల కథ ఆపకూడదు, ట్రాంటర్ తిట్టినా సరే తిడుతూ అక్కడే ఉండాలి. ఎవరో ఒకరు అవతల ఉన్నారని తెలుస్తూ ఉండాలి, అంతే. నాన్నకి తెలుసు నేను నీళ్ళు పట్టుకుని నిలబడ్డానని. రేకు గ్లాసు వణికితే చప్పుడవుతుంది. భయపడిన పిల్లవాడు అవతల ఉన్నాడని తెలిసి, అరవడం మానేసి, అడగడం కూడా మానేసి, వాడికి తెలిసిన పాట పాడాడు. తలుపు తియ్యమని కాదు. వెళ్ళిపోకు అని కూడా కాదేమో. ఇదిగో ఇక్కడే ఉన్నాను, నువ్వూ ఉన్నావు, ఫరవాలేదు అని. ఎనిడ్ వేలు ఎడమవైపుకు వచ్చి ఆ చుక్కను గోటితో తీసేసింది. ఊపిరి మొత్తం లోపలికి వచ్చింది. "ఇక్కడే ఉన్నా నాయనా, అయిపోవచ్చింది" అంది, చెవుల నిండా ముద్ద ఉన్నవాడితో.

అచ్చు ఊడదీసేటప్పుడు ముఖాన్ని లోపల కోతిలా వంకర్లు తిప్పమన్నారు, గాలి దూరి అది తనంతట తనే జారి ఎనిడ్ ఒళ్ళో పడింది. ఆమె దాన్ని కిటికీ వైపు తిప్పి లోపలికి చూసి, కళ్ళ దగ్గర తడి ఉంది, చెమట ఇంత పడుతుందా అంది విల్ఫ్‌తో, నన్ను అడగలేదు. ట్రాంటర్ కిటికీ దగ్గర ఉన్నాడు, నేను కళ్ళు తెరిచి చూసేసరికి తల తిప్పుకున్నాడు, నేను విన్నానని తెలిసిపోయింది. ఏమైనా అంటానని ఎదురుచూశాడు. నాకు తెలిసిన ఒక పిల్లవాడి సంగతి చెప్పనా అని అడిగాను. చెప్పాను, మా ఊరి పేరు లేకుండా, మా నాన్న అనకుండా, పాట దగ్గర ఆగిపోయాను. విల్ఫ్ చేతులకున్న ప్లాస్టర్ కడుక్కోవడం మర్చిపోయి నిలబడ్డాడు, వేళ్ళ మీదే ఆరిపోతోంది.

"మరి ఆ పిల్లాడు తీశాడా?" అన్నాడు విల్ఫ్.

ట్రాంటర్ విల్ఫ్ వంక చూశాడు. ముప్పై ఏళ్ళలో ఏ సినిమా గురించీ అడగనివాడు అడిగాడని ట్రాంటర్‌కి కూడా తెలుసు.

"తియ్యలేదు" అన్నాను.

ట్రాంటర్ మొదటిసారి కూర్చున్నాడు, విల్ఫ్ ప్లాస్టర్ బస్తా మీదే. అయితే సీన్ ఎలా ఉండాలంటారు అని అడిగాడు. ఉదయం గొళ్ళెం వేయించుకున్నవాడు మధ్యాహ్నం మామూలుగానే ఉంటాడు, మామూలుగానే మంచినీళ్ళు అడుగుతాడు, కూతురు తియ్యదు, అలాగని వెళ్ళిపోదు, అక్కడే కూర్చుంటుంది, అంతే అన్నాను. మరి తోడేలు ఎప్పుడొస్తుంది అన్నాడు. అది వస్తుందని వాళ్ళిద్దరికీ తెలుసు కదా అన్నాను. అతను నా ముఖం వంక చాలాసేపు చూశాడు, నాన్న చూసినట్టే. ఈసారి నేను దాన్ని గోడ చేసుకోలేదు. చేసుకోవడానికి ఓపిక లేదు.

జనవరిలో తీశారు ఆ సీను. కూతురుగా వేసిన రొవీనాకు ఇరవై ఏళ్ళు, తలుపు తియ్యకూడదని ఆమెకు స్పష్టంగా చెప్పారు. రెండుసార్లు తీశాం, రెండుసార్లూ ఆమె తలుపుకు వీపు ఆనించి కూర్చుంది, బాగానే వచ్చిందన్నారు. మూడోసారి నేను లోపల నీళ్ళు అడిగి, జవాబు రాకపోయేసరికి, స్క్రిప్టులో లేని పని, నెమ్మదిగా ఆ కీర్తన ఎత్తాను, నా వంతు కాదు, నాన్న వంతు. ఖాళీ వదిలాను. గొళ్ళెం చప్పుడైంది. తలుపు తెరుచుకుంది, లైటు నా మోకాళ్ళ దాకా పడింది, ఆ పిల్ల గుమ్మంలో ఏడుస్తూ నిలబడి ఉంది. ట్రాంటర్ కట్ అనలేదు. తర్వాత ఎందుకు తీశావని అడిగితే, లోపల ఉన్నది ఆయనే కదా అంది. నాకూ తెలుసు ఆ సంగతి, పదకొండేళ్ళప్పుడే తెలుసు. తెలిసే తియ్యలేదు.

ఎనిడ్ చేసిన ముసుగు సినిమాలో నాలుగు సెకన్లు కనబడుతుంది. ఆమె బాధపడలేదు, ఆ నాలుగు సెకన్లలో ఎవరూ నవ్వలేదని మాత్రం అందరికీ చెప్పుకుంది. శరదృతువులో కార్డిఫ్‌లో, ఒకే టిక్కెట్టుకు రెండు సినిమాలు చూపించే ఆటలో రెండో బొమ్మగా వేశారు, నేను ఒక్కణ్ణే మధ్యాహ్నం ఆటకు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. సగం హాలు ఖాళీ, బయట వాన. తోడేలు ఇంకా రాలేదు, రావడానికి చాలా టైముంది, తెర మీద ఒక తలుపూ ఒక పిల్లా, అంతే. ఆ పిల్ల చెయ్యి గొళ్ళెం మీదికి వెళ్ళింది. నా ముందు వరసలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ, తనలో తనే అనుకున్నంత మెల్లగా, "తియ్యకమ్మా" అంది. దానికి జవాబన్నట్టు చీకట్లో ఇంకో గొంతు "తియ్యి" అంది. ఆవిడ ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది. అది నా గొంతే.